మెట్ల లెక్క, గుండు లెక్క

మా ఆఫీసు కంప్యూటర్ గది తలుపు మీద "చెప్పులు బయట విడవవలెను" అని కాగితం అంటించి ఉండేది. దుమ్ము పడితే మిషన్ చెడిపోతుందని పెట్టిన నియమం అది. మనవాళ్ళు చెప్పులతో ఆగుతారా? గడపకు దండం పెట్టుకుని మరీ లోపలికి వచ్చేవారు. ఒక పెద్దాయన కొబ్బరికాయ పట్టుకొచ్చి "ఏడ కొట్టాలె బిడ్డా?" అని నన్నే అడిగాడు. బయట మెట్టు మీద కొట్టమన్నాను. చిప్ప ఒకటి నాకే ఇచ్చి పోయాడు.

ఎనభైల చివరి సంవత్సరాలవి. జిల్లాకు కొత్తగా కంప్యూటర్ వచ్చింది. దానికోసం ఏసీ వచ్చింది. ఏసీ కోసం గుమాస్తాలు వచ్చేవారు. ఏప్రిల్ మొదలైతే చాలు, ఏ పనీ లేనివాడు కూడా "ఓ ప్రింటు కావాలె" అంటూ పదకొండింటికి వచ్చి, ఎండ తగ్గాక గానీ కదిలేవాడు కాదు. నేను ఆ గదిలో డేటా ఎంట్రీ ఆపరేటర్ని. టైపు లోయరు, హయ్యరు రెండూ పాసై, వరంగల్ మట్టెవాడ నుంచి రోజూ సిటీ బస్సులో నిలబడి వచ్చేదాన్ని. గుడి లెక్కన చెప్పాలంటే నేను పూజారిని కాదు, పక్కన నిలబడి హారతి పళ్ళెం అందించేదాన్ని. పూజారి మా సారు.

మా సారు హైదరాబాద్ నుంచి వచ్చిన ప్రోగ్రామరు. నాకంటే నాలుగైదేళ్ళే పెద్ద. సన్నగా, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కాలో ఉండేవాడు. మంచి మనిషి, కానీ ఒక పిచ్చి ఉండేది. ఈ లోకంలో కష్టాలన్నిటికీ కారణం మనుషులు ఒక వస్తువును ఒకే తీరుగా రాసుకోకపోవడమేనని నమ్మేవాడు. అందరి చేతా ఒకే ఫారం నింపిస్తే సగం దరిద్రం పోతుందనేవాడు. అప్పట్లో నేనూ నమ్మాను. జీతం వచ్చే చోట చెప్పిన మాట వేదంలాగే వినిపిస్తుంది కదా.

ఒకరోజు పై నుంచి ఉత్తర్వు వచ్చింది. జిల్లాలో మరమ్మతు చేయాల్సిన చెరువుల జాబితా కంప్యూటర్ నుంచి తీసి పంపాలి. వానలు పడకముందే పనులు మొదలవ్వాలి. చెరువుల లెక్క మూడు ఆఫీసుల్లో ఉండేది. భూముల ఆఫీసులో ఒకటి, నీళ్ళ ఆఫీసులో ఒకటి, చేపల ఆఫీసులో ఒకటి. ముగ్గురు గుమాస్తాలనూ పిలిపించి సారు మీటింగు పెట్టాడు. నేను మూలన కూర్చుని రాసుకుంటున్నాను. సారు మొదట అడిగిన ప్రశ్న నాకింకా చెవిలో ఉంది.

"అసలు చెరువంటే ఏమిటి?"

భూముల గుమాస్తా, నెరిసిన మీసాల పెద్దమనిషి, మా పుస్తకంలో శిఖం భూమిగా రాసి ఉన్నదే చెరువు అన్నాడు. అంటే నీళ్ళు నిలిచే నేల. నీళ్ళ గుమాస్తా ఒప్పుకోలేదు. తూము ఉండాలి, దాని కింద పారే పొలం ఉండాలి, అప్పుడే చెరువు అన్నాడు. చేపల గుమాస్తా పాన్ ఒక బుగ్గకు తోసుకుని, "ఎండకాలం దాక నీళ్ళుంటే చెరువు సార్, లేకుంటే అది వానకు నిండిన గుంత" అన్నాడు. మధ్యాహ్నం దాకా ఆ ముచ్చటే నడిచింది. టీలు రెండుసార్లు వచ్చి రెండుసార్లూ చల్లారాయి.

నాకు నాలుగో జవాబు తెలుసు. కానీ టైపు చేసేవాళ్ళను ఎవరూ అడగరు. లేకపోతే చెప్పేదాన్ని. కట్ట మీద నీళ్ళను కాచే తల్లి మైసమ్మ ఉంటే చెరువు, లేకపోతే కుంట. అది మా మామ చెప్పిన లెక్క.

మా మామ అంటే మా అమ్మకు అన్న. ఒక ఊరికి నీరటి. చెరువు నీళ్ళకు పెద్దదిక్కు అన్నమాట. తూము ఎప్పుడు ఎత్తాలి, ఎప్పుడు దించాలి, ఎవరి మడికి ఎంతసేపు పారాలి, అంతా ఆయన చేతిలో. కోతలప్పుడు రైతులు కళ్ళంలోనే ఆయన వంతు వడ్లు కొలిచి ఇచ్చేవారు. డెబ్బైలలో, నేను లంగా జాకెట్టు వేసుకునే రోజుల్లో, ఎండాకాలం సెలవులంటే మామ ఊరే. బస్సు ఖిలా వరంగల్ కోట దర్వాజాల్లోంచి వంకర్లు తిరుగుతూ పోయేది. ప్రతి మలుపుకీ మా అమ్మ నా తల లోపలికి లాగేది, నేను మళ్ళీ బయట పెట్టేదాన్ని.

ఆ చెరువుకు రెండు తూములు. కట్టకు ఈ కొసన మామ ఊరిది, ఆ కొసన పక్క ఊరిది. నీళ్ళొకటే, ఊళ్ళు రెండు, నీరట్లు ఇద్దరు. పక్క ఊరి నీరటిని మామ "బావా" అని పిలిచేవాడు. చుట్టరికం ఏమీ లేదు. రోజూ తిట్టుకోవాలంటే ఏదో ఒక వరస ఉండాలి కదా.

మామ తన తూము దగ్గర నీళ్ళలోకి దిగే రాతి మెట్లతో చెరువును కొలిచేవాడు. ఇవ్వాళ మునిగినవి ఆరు మెట్లు, రేపు అయిదున్నర. బావకు మెట్లు లేవు. ఆయన వైపు నీళ్ళ మధ్య ఏనుగంత గుండు రాయి ఒకటుంది. ఆ గుండును మనిషి లెక్కన చూసి, మోకాళ్ళు, నడుము, రొమ్ము, మెడ అని చెప్పేవాడు. మెడ దాకా వచ్చిందంటే మత్తడి దుంకడానికి దగ్గర పడినట్టు. మత్తడి అంటే నిండిన చెరువు తన ఎక్కువ నీళ్ళు వదిలే రాతి గట్టు. అది దుంకిన రోజు ఊరంతా పనులు మానేసి చూడ్డానికి పోతుంది.

ఈ ఇద్దరి దగ్గరా ఒకే తీరు తుమ్మ కట్టె ఒక్కొక్కటి ఉండేది. మూరెడు పొడవు, నాలుగు పలకలుగా చెక్కింది. ఒక పలక మీద మెట్ల గాట్లు, దాని ఎదురు పలక మీద గుండు గాట్లు. నాలుగో మెట్టు గాటు మీద వేలు పెట్టి కట్టె తిప్పితే, అటు దిక్కు నడుము గాటు తగిలేది. నీళ్ళు తగ్గి నాలుగో మెట్టుకు వస్తే రెండు తూములూ మూయాలి, మిగిలింది గొడ్లకు. అది ఒప్పందం. మామ "నాలుగు మెట్లు" అని కబురంపితే బావ కట్టె తిప్పి చూసుకుని "నడుము" అనుకుని తన తూము మూసేవాడు. పోట్లాట వచ్చినా ఇద్దరూ కట్టెలు తీసి పక్కపక్కన పెట్టేవారు. అంతటితో నోళ్ళు మూతపడేవి.

నేను చిన్నప్పుడే అతి తెలివిదాన్ని. "ఇద్దరు ఒక్కటే లెక్క పెట్టుకోవచ్చు గద మామా, ఈ కట్టెల గోల ఎందుకు?" అని అడిగాను.

మామ బీడీ ఆర్పి చెవి మీద పెట్టుకున్నాడు. "పెట్టుకోవచ్చు బిడ్డా. మరి ఎవల లెక్క ఇడువాలె? నేను మెట్లు ఇడిస్తే మా ఊరోళ్ళకు నా మాట తెల్వది. ఆయన గుండు ఇడిస్తే ఆళ్ళ ఊరోళ్ళకు ఆయన మాట తెల్వది. ఎవల లెక్క ఆళ్ళకుండనీ. నడుమ ఈ కట్టె ఉన్నది గద."

"మరి ఈ రెండు పలకలు ఖాళీగున్నయేంది?"

"ఎవలన్న కొత్తోళ్ళు అస్తే కావాలె గద" అన్నాడు.

నేను ఉద్యోగంలో చేరేనాటికి ఆ చెరువుకు బుంగ పడి రెండేళ్ళయింది. మామ తూము కింది రాళ్ళు కదిలి, కట్ట అడుగున రంధ్రం పడింది. ఎంత వాన పడినా నీళ్ళు నెల తిరక్కుండానే వాగులోకి పోయేవి. రెండూళ్ళ పొలాలూ బీడు పడ్డాయి. నీళ్ళు లేని ఊళ్ళో నీరటికేం పని? మామ పొద్దున బస్సుకు వరంగల్ వచ్చి మిర్చి బస్తాలు మోసి, సాయంత్రం మా ఇంటి అరుగు మీద కాసేపు కూర్చుని పోయేవాడు. ఆయన మెడ మీద ఎర్రగా కమిలిన చోటు చూడలేక నేను లోపలికి పోయేదాన్ని. "ఈ వానలకు గూడ గిట్లనే ఉంటె ఇగ తూము కాదు, కట్టనే పోతది" అన్నాడొకసారి, అన్నం కలుపుకుంటూ. కట్ట పోతే మళ్ళీ కట్టేవాళ్ళు లేరు. అది ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు.

కాబట్టి ఆ ఉత్తర్వు వచ్చిన రోజు నా సంబరం ఇంతా అంతా కాదు. మామ చెరువును నా చేత్తో నేనే కంప్యూటర్లో ఎక్కిస్తాను! ఇంటికి పోతూ పావుకిలో జిలేబీ కొన్నాను.

సారు మూడు రోజులు కూర్చుని అందరికీ ఒకటే నిర్వచనం తయారుచేశాడు. చెరువంటే, తూము ఉండాలి, నిరుడు దాని కింద ఇన్ని ఎకరాలకు తక్కువ కాకుండా తడిసి ఉండాలి, ఒకే ఊరి పేరు మీద ఉండాలి. అంతకంటే తక్కువ తడిస్తే అది కుంట. కుంటలు ఈ జాబితాలోకి రావు. మూడు ఆఫీసులూ తమ పుస్తకాలు పక్కన పెట్టి ఆ ఫారాలే నింపాలి. భూముల గుమాస్తా మీసం దువ్వుకుంటూ "మా పుస్తకం మా తాత కాలంది సార్, మీ డబ్బా నిన్న మొన్న వచ్చింది" అన్నాడు. అన్నా నింపాడు పాపం. నాకు ఆ నిర్వచనం అద్దంలా కనిపించింది. ఎక్కడా మరక లేదు. నెల రోజులు పగలంతా టైపు చేశాను. వేళ్ళు వాచినా బాధనిపించలేదు.

జాబితా ప్రింటైన రోజు సారు లడ్డూలు తెప్పించాడు. ప్రింటరు కర్రుకర్రుమంటూ కాగితం వదులుతుంటే చింపనివ్వకుండా, అంచు చిల్లులతో సహా మడతలు పెట్టించాడు. ఒక్క పేరు రెండుసార్లు లేదు, ఒక్క గడి ఖాళీ లేదు. నేను లడ్డూ నోట్లో పెట్టుకుని మామ ఊరి పేరు వెతికాను.

లేదు. పక్క ఊరి పేరు కింద చూశాను. అక్కడా లేదు.

చేతిలోని సగం లడ్డూ బల్ల మీద పెట్టేశాను. ఫారాల కట్టలు విప్పి కూర్చున్నాను. గంట తర్వాత దొరికాయి, రెండు ఫారాలు. భూముల ఆఫీసు మామ ఊరి పేరు మీద రాసింది, నీళ్ళు నిలిచే నేల ఆ ఊరిది కనుక. నీళ్ళ ఆఫీసు పక్క ఊరి పేరు మీద రాసింది, పారే పొలం అక్కడ ఎక్కువ కనుక. రెండింట్లోనూ "నిరుడు తడిసిన ఎకరాలు" దగ్గర సున్నా. బుంగ పడ్డ చెరువు కింద ఏం తడుస్తుంది? సున్నా కాబట్టి కుంట. కుంట కాబట్టి జాబితాలో లేదు. ఆ రెండు సున్నాలూ టైపు చేసింది నేనే. నా మీద నాకే అసహ్యం వేసింది. నెల రోజుల్లో ఒక్కసారైనా చదివానా? వేళ్ళతో చూశాను గానీ కళ్ళతో చూడలేదు.

సారు దగ్గరికి పోయి చెప్పాను. ఆయన అంతా విని, మెల్లగా, "మీ మామగారి చెరువామ్మా?" అన్నాడు. ఒక్కొక్కరి కోసం నిర్వచనం మారిస్తే ఎలా అన్నట్టుంది ఆ గొంతు.

నాకు ఒళ్ళు మండింది. అమ్మ ఎప్పుడూ అనేది, నీ నోటికి తాళం లేదు బిడ్డా అని. "సార్, మా మామను పక్కన పెట్టండి. సున్నా అని ఉండి కుంటల్లో పడ్డవన్నీ ఒక్కసారి ప్రింటు తీయించండి. ఎన్నుంటే అన్ని" అన్నాను. అని నేనే పోయి మిషన్ ముందు కూర్చున్నాను.

ప్రింటరు ఆగితే కదా. సారు ఒక్కొక్క వరుసా చదివాడు. కట్ట తెగింది. తూము కూలింది. బుంగ పడింది. పూడిక నిండింది. ఫారాల అడుగున వివరాల గడిలో గుమాస్తాలు రాసిన మాటలవి. అన్నీ మేమే టైపు చేసి, మేమే పక్కకు తోసేశాం. సారు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"అంటే మనం బాగున్న చెరువుల పేర్లు రాసి రిపేరుకు పంపబోతున్నామన్నమాట" అన్నాడు.

"అవున్సార్. నడవగలిగిన వాళ్ళకే దవాఖానలో కట్టు కడతం అన్నట్టుంది."

ముందు ఆయన పెదవులు వణికాయి. తిడతాడనుకున్నాను. పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. ఏసీ కోసం వచ్చి కునుకు తీస్తున్న గుమాస్తాలు లేచి, ఏం జరిగిందో తెలియకుండానే నవ్వారు. తన తప్పుకు తాను అంతలా నవ్వగలిగిన ఆఫీసరును నేను మళ్ళీ చూడలేదు. మిగిలిన లడ్డూలు కూడా ఆ కాసేపట్లోనే అయిపోయాయి.

నవ్వు ఆగాక అసలు సంగతి ఎదురొచ్చింది. ఎకరాల నియమం తీసేశాం. తీసేయగానే మామ చెరువు రెండు ఊళ్ళ పేర్లతో రెండు చెరువులైంది. చేపల ఆఫీసు లెక్క కలిపితే మూడు. ఆ లెక్కలో అది చేపలు పట్టేవాళ్ళుండే వాడ పేరు మీద ఉంది. ఇంకోచోట ప్రతి ఊళ్ళోనూ 'పెద్ద చెరువు' అన్న పేరే ఉండడంతో, వేర్వేరు చెరువులు కలిసి ఒకటయ్యాయి. ఈ తీరుగా పంపితే ఒక చెరువుకు మూడుసార్లు పనులు, ఇంకో చెరువుకు సున్నా. గడువు పది రోజులే ఉంది. సారు చాక్‌పీసు తీసి బోర్డు మీద ఇంకో కొత్త నిర్వచనం మొదలుపెట్టాడు. కొత్త ఫారం అన్న మాట వినగానే భూముల గుమాస్తా కుర్చీలోంచి లేచాడు. "ఇంకో ఫారం నింపుమంటే నేను లీవు పెడ్త సార్. మా పుస్తకం మాకున్నది, నంబర్లున్నయి, సుబ్బరంగున్నది."

ఆ మాటతో నాకు మామ బీడీ చెవి మీద పెట్టుకోవడం కళ్ళ ముందుకొచ్చింది. ఎవల లెక్క ఆళ్ళకుండనీ.

"సార్, వాళ్ళ పుస్తకాలు వాళ్ళ తీరుగానే ఎక్కిద్దాం, మూడు వేర్వేరుగా. మనం నాలుగోది చిన్నది చేద్దాం. అందులో చెరువు గురించి ఏమీ రాయొద్దు. భూముల పుస్తకంలో ఈ నంబరు, నీళ్ళ పుస్తకంలో ఆ నంబరు, చేపల పుస్తకంలో ఈ నంబరు, మూడూ ఒకటే చెరువు. అంతే. జోడు పట్టీ." అని కట్టె కథ మొత్తం చెప్పాను. మెట్లు, గుండు, నడుము, మెడ, అన్నీ.

సారు చాక్‌పీసు కిందపెట్టాడు. "ఏది దేనికి జోడో ఎవరు చెప్తారు?"

"నీరట్లు చెప్తారు సార్. వాళ్ళకు తప్ప ఎవరికీ తెల్వదు."

రెండో రోజే మామకు కబురు పోయింది. ఆ వాగు మీది చెరువుల నీరట్లందరినీ వెంటబెట్టుకుని వచ్చాడు, తనతో కలిపి పదకొండు మంది. తలుపు బయట చెప్పులు పదకొండు జతలు. కుర్చీలు వేస్తే కూర్చోలేదు. కింద బండల మీద వరసగా కూర్చున్నారు. కూర్చున్నాక మళ్ళీ లేచారు, జరిగారు, చోట్లు మార్చుకున్నారు. ఎందుకని సారు అడిగితే బావ చెప్పాడు: "నీళ్ళు వచ్చే తీరుగ కూసుంటానం సార్. మీదోడు ముందర, కిందోడు ఎనక." ఎవరి మత్తడి నీళ్ళు ఎవరి చెరువులో పడతాయో ఆ వరసన కూర్చున్నారన్నమాట. ముందు వాడి పేరు తెలిస్తే వెనక వాడు ఎవరో ఇక తప్పిపోడు. ఊరికో పెద్ద చెరువు ఉంటే ఉండనీ. సారు ముఖం చూడాలి ఆ నిమిషాన, జాతరలో తప్పిపోయిన పిల్లవాడికి తల్లి కనపడ్డట్టు వెలిగింది.

మామ మాత్రం ఏసీకి తువ్వాల కప్పుకున్నాడు. "జర దాన్ని బందు పెట్టు బిడ్డా, సలి పెడ్తాంది."

"బందు పెడితే మిషన్ వేడెక్కుతది మామా."

"దానికేం ఫికర్ లేదు గని, మేం గడ్డ కడ్తానం."

రోజంతా నడిచింది. గుమాస్తాలు ముగ్గురూ పుస్తకాలు తెరిచి ఒక్కొక్క నంబరూ చదవడం, నీరట్లు "అది నాది", "కాదు, అది కిందోనిది" అనడం, నేను జోడు పట్టీలో ఎక్కించడం. భూముల గుమాస్తా తన పుస్తకంలో ఒక్క అక్షరం మార్చక్కర్లేదని తెలిశాక, అందరికంటే ఉషారుగా ఆయనే చదివాడు. మధ్యాహ్నం తన జేబులోంచి అందరికీ టీలు తెప్పించాడు. ఈసారి చల్లారలేదు.

సాయంకాలం సారు తన పాత ప్రశ్న మళ్ళీ అడిగాడు, కాస్త బెరుగ్గా. "పెద్దాయనా, మీ లెక్కలో చెరువుకూ కుంటకూ తేడా ఏమిటి?"

"కట్ట మీద మైసమ్మ ఉంటే చెరువు" అన్నాడు మామ, ఇదీ అడగాల్సిందేనా అన్నట్టు. మిగతా పది తలలూ ఊగాయి. సారు నా వైపు తిరిగి "దానికీ ఒక గడి పెట్టమ్మా" అన్నాడు. పెట్టాను. తర్వాత పై ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది, ఆ గడి దేనికని. "స్థానికంగా సరిచూసిన గుర్తు సార్" అని చెప్పి సారు ఫోన్ పెట్టేశాడు. అబద్ధం కాదు కదా.

పోయేముందు మామ నా కుర్చీ పక్కకు వచ్చాడు. "ఈ డబ్బాల మన చెరువు నంబరెంత?"

"నాలుగు వందల పదిహేడు. నాలుగు, ఒకటి, ఏడు."

మూడుసార్లు చెప్పించుకున్నాడు. వేళ్ళు మడిచి, పెదవులు కదుపుతూ తలుపు దాటాడు. చెప్పులు వేసుకోవడం మరిచి, మళ్ళీ వచ్చాడు.

మిగతా వాగుల నీరట్లను కూడా అట్లాగే పిలిపించి గడువుకు జాబితా పంపాం. నేను పది రోజులూ దేవుళ్ళకు మొక్కాను. ఎవరికి మొక్కలేదని అడగండి, వాళ్ళ పేర్లు తొందరగా అయిపోతాయి. మృగశిర ఇంకా రాకముందే మామ ఊరికి రాళ్ళూ మనుషులూ వచ్చారు. తూము విప్పి మళ్ళీ కట్టారు, బుంగ పూడ్చారు. మామ మిర్చి మార్కెట్టుకు రావడం మానేశాడు. ఆయన రాని సాయంత్రాలు మా అరుగు బోసిగా ఉండేది. ఆ బోసితనం చూసి పడినంత సంతోషం నేనెన్నడూ పడలేదు.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. ఒకరోజు పొద్దున ఆ ఊరి బస్సు కండక్టరు మా వీధి మలుపులో బస్సు ఆపించి అరిచాడు: "ఓ అక్కా, మత్తడి దుంకుతాందట, మీ మామ రమ్మన్నడు!" నేను అదే బస్సెక్కలేదు. సారును పిలుచుకుని తర్వాతి బస్సుకు పోయాను. ఆఫీసుకు ఇద్దరం సెలవు పెట్టామా లేదా అన్నది ఇప్పుడు ఎందుకులెండి.

వానలోనే కట్ట నిండా జనం. మత్తడి మీంచి నీళ్ళు తెల్లగా దుంకుతున్నాయి. పిల్లలూ పెద్దలూ ఆ నీళ్ళ కిందే తడుస్తున్నారు. మైసమ్మకు కొత్త పసుపు. బావ గుండు ఎక్కడుందో చూపించబోయాడు, అది మునిగిపోయింది. "నెత్తి దాటింది సార్! నా లెక్కల ఇంత పైకి గాటే లేదు!" అని సారు చేయి పట్టుకుని ఎగిరాడు. ఇస్త్రీ చొక్కా తడిసి ముద్దయింది. సారు కూడా ఎగిరాడు.

మామ తూము దగ్గరున్నాడు. మెట్లు ఒక్కటి కూడా కనపడడం లేదు. మమ్మల్ని చూసి, నడుముకు దోపుకున్న తుమ్మ కట్టె తీసి నా చేతిలో పెట్టాడు. అలవాటు కొద్దీ మెట్ల గాట్ల మీద వేలు పెట్టి తిప్పాను. తిప్పుతుంటే, చిన్నప్పుడు ఖాళీగా ఉన్న మూడో పలక మీద ఏదో తగిలింది. తెల్లగా మెరుస్తున్న కొత్త గాట్లు. నాలుగు గాట్లు, కాస్త ఖాళీ, ఒక గాటు, కాస్త ఖాళీ, ఏడు గాట్లు.

"ఇదేంది మామా?"

"మీ డబ్బా లెక్క. దానికి గూడ ఓ పలక ఇచ్చినం. బావ గూడ తన కట్టె మీద చెక్కుకున్నడు."

నాకు ఏడుపొచ్చింది. వానకు తడిసిన ముఖం కనుక ఎవరికీ తెలియలేదు. సారు కట్టెను తీసుకుని మూడు పలకలూ మార్చి మార్చి చూశాడు. నాలుగో పలక నున్నగా, ఖాళీగా ఉంది.

"మరి ఇది?" అన్నాడు.

"ఉండనీ సార్" అన్నాడు మామ. "మీ ఎనక ఇంకెవలో అస్తరు గద."

సారు కట్టెను రెండు చేతులతో మామకు తిరిగి ఇచ్చాడు. మామ దాన్ని నడుముకు దోపుకుని, మూడేళ్ళ తర్వాత తూము ఎత్తడానికి నీళ్ళలోకి దిగాడు.